లెక్చరర్ గారికి పవరు

మా మేనత్త తన పొలం మీద పవరాఫ్ అటార్నీ నా పేరున రాస్తానన్న రోజు నేను రెండుసార్లు వద్దన్నాను. మూడోసారి కూడా అంటే నిజంగానే మానుకుంటుందేమోనని ఊరుకున్నాను.

అత్త ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగిన వాళ్ళకు డ్యూటీలు కుదరలేదని చెబుతుంది. బెజవాడలో చిన్న ఫ్లాటు, పామర్రు దగ్గర ఎకరంన్నర పొలం, రెండు అరిగిపోయిన మోకాళ్ళు, ఇవీ ఆవిడ ఆస్తులు. మోకాళ్ళు రెండూ మార్చాలనీ, ఒకటి మార్చి అది కుదుటపడ్డాక రెండోది చూద్దామనీ డాక్టరు చెప్పాడు. అంటే చాలాకాలం మంచమే. అప్పుడు ఆవిడ తన పొలం గురించి, ఫ్లాటు గురించి, బ్యాంకు గురించి ఆలోచించడం మొదలుపెట్టింది. వీలునామా ఎప్పుడో రాసేసింది.

"వీలునామా నేను పోయాక మాట్లాడిద్ది. మంచంలో ఉన్నన్నాళ్ళూ ఎవరు మాట్లాడతారు?" అంది.

నేను మాట్లాడతానని అందరూ అనుకున్నారు. కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి కాబట్టి మాట్లాడడం నా వృత్తి అని మా బంధువుల నమ్మకం. నలభై అయిదు నిమిషాలు ఎవరూ వినకపోయినా మాట్లాడగలనన్నది నిజమే. కానీ అత్తకు కావలసిన మాట ఆ రకం మాట కాదు. అది మాకు తర్వాత తెలిసింది. ఆవిడకు ముందు తెలిసింది.

పవర్ అనే మాటకు మా వైపు ఉన్న అర్థం కూడా ఇక్కడ చెప్పాలి. ఫలానావాడికి పవర్ రాసిచ్చారంటే, తన బదులు పనులు చూసుకునే హక్కు ఇచ్చారని ఎవరూ అనుకోరు. పొలం చేతులు మారిందని అనుకుంటారు. అమ్మకాలు అలా పవర్ల మీద జరిగి జరిగి, ఆ మాటకు అదే అర్థం స్థిరపడిపోయింది. ఇచ్చినవాళ్ళు పోతే పవర్ కూడా పోతుందనీ, వీలునామా మొదలయ్యే చోట ఇది ఆగిపోతుందనీ డాక్యుమెంట్ రైటర్ నాకు వివరించాడు. ఊరికి వివరించలేదు. ఊరు ఆయన్ను అడగలేదు.

పొలం సర్వే నంబర్లు, హద్దులు సరిచూసి చిత్తు రాయించుకు రమ్మని అత్త నన్ను పామర్రు పంపింది. అత్తా నేనూ ఉండేది బెజవాడలో కాబట్టి రిజిస్ట్రేషన్ మాత్రం అక్కడే. డాక్యుమెంట్ రైటర్ కొట్టు ముందు బల్ల మీద నాకంటే ముందే ఒకాయన కూర్చుని ఉన్నాడు. మా అత్త పొలానికి వెనక పొలం ఆయనది. పొలం అంటే ఎకరంన్నర కాదు, మామూలుగా పొలం అన్నప్పుడు జనం అనుకునేంత పొలం. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"రండి రండి, లెక్చరర్ గారూ! ఇట్టా కూర్చోండి. మీకేనంటగా పవరు?"

ఆయన లేవడం నాకు ఇబ్బందిగా ఉందని అందరికీ తెలిసేలా ఇబ్బందిపడ్డాను. లోపల మాత్రం ఏ ఇబ్బందీ లేదు. మా తాత ఆయన తండ్రి దగ్గర పాలేరుగా చేశాడు. ఆ ఇంటి అరుగు ఎక్కకుండానే తాత బతుకు వెళ్ళిపోయింది. అటువంటి ఇంటి మనిషి లేచి నిలబడి, బల్ల మీద దుమ్ము కండువాతో దులిపి, గారూ అని పిలిచాడు. కాఫీ తెప్పించాడు. నాకు పంచదార తక్కువ కావాలేమోనని కూడా అడిగాడు.

సగం కాఫీ అయ్యాక విషయంలోకి వచ్చాడు.

"కోతమిషను తిప్పుకోవాలంటే డొంక చుట్టూ తిరిగి రావాల్సి వస్తందండీ. మీ గట్టు పక్కన ట్రాక్టర్ పట్టేంత దారి వదిలారంటే మా కష్టం తీరిపోయిద్ది. పెద్దావిణ్ణి ఎన్నిసార్లు అడిగినా ససేమిరా అంది. ఇప్పుడు మీ చేతికొచ్చింది కదా."

చేతికి ఇంకా రాలేదు. చిత్తు కూడా సగమే అయింది. ఆ మాట చెప్పవచ్చు. ఇవ్వనని చెప్పవచ్చు. నేను నవ్వి, "చూద్దాం లెండి" అన్నాను.

మా ఇంట్లో చూద్దాం లెండి అంటే కాదని అర్థం. కాదు అనే మాటకు చొక్కా తొడిగితే అలా ఉంటుంది. ఆ మాటతో నేను పెళ్ళి సంబంధాలు తప్పించాను, చందాలు తప్పించాను, కవి సమ్మేళనాలు తప్పించాను. తప్పించలేనివి కూడా ఉన్నాయి. మా అపార్ట్‌మెంట్‌కు నేనే సెక్రటరీని, మా చర్చి కమిటీలో మూడు పదవులు నావే, ఎందుకు కట్టానో తెలియని ఇన్సూరెన్సు పాలసీలు బీరువా నిండా ఉన్నాయి. ఒకే మాటకు ఇన్ని రకాల ఫలితాలు వస్తున్నప్పుడు మాటలోనే ఏదో లోపం ఉందని తెలుగు చదువుకున్నవాడికి తట్టాలి. నేను చదివింది ఎకనామిక్సు.

తర్వాత వారంలో పొలం కౌలుకు చేస్తున్న రైతు అత్తకు ఫోన్ చేశాడు. వరి కోతలయ్యాక చేలో మినుము మొలిచి ఉంది. దాని మీద గట్టు పొడుగునా ట్రాక్టర్లతో మట్టి తోలుతున్నారని, అడిగితే లెక్చరర్ బాబుగారే ఒప్పుకున్నారంటున్నారని అన్నాడు. అత్త నన్ను రమ్మంది.

నేను వెళ్ళేసరికి మోకాలి మీద వేడినీళ్ళ సంచి పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఏరా, మన చేలో రోడ్డేస్తున్నావంట?"

"నేనా?"

"మరి నేనైతే వెయ్యలేదుగా."

"నేను సరేననలేదత్తా. చూద్దాం లెండి అన్నానంతే."

"ఎట్టా అన్నావు? ఒకసారి అను, వింటాను."

అన్నాను. అత్త కళ్ళు మూసుకుని, స్టెతస్కోపు పెట్టి విన్నట్టు వింది.

"నవ్వుతా అన్నావా?"

"కొంచెం."

"తలూపావా?"

"అది అలవాటత్తా."

"కాఫీ తాగావా?"

"ఆయనే తెప్పించాడు."

"ఇంకేం, రిజిస్ట్రేషన్ అయిపోయినట్టే" అంది.

నేను నవ్వబోయాను. ఆవిడ నవ్వలేదు. "ఏమని పిలిచాడు నిన్ను?" అని అడిగింది.

"లెక్చరర్ గారూ అని."

వేడినీళ్ళ సంచి ఒక మోకాలి మీంచి తీసి రెండో మోకాలి మీద పెట్టుకుంది. "మీ తాతని ఒరేయ్ అని పిలిచి చేయించుకున్నారు. నిన్ను గారూ అని పిలిచి చేయించుకున్నారు. గౌరవం పెరిగిందిరా. పని మారలా."

క్లాసులో పిల్లలు నా మీద వేసే జోకులకు నేను ముందుగానే నవ్వేస్తాను. అలా చేస్తే అవి తగలవు. దీనికి నవ్వడం కుదరలేదు. ఆ ఎకరంన్నర ఆవిడ ఎవరి దగ్గరా అడిగి తీసుకున్నది కాదు. నర్సు జీతంలో దాచుకుని కొన్నది. వేరేచోట ఇంకా చవగ్గా వచ్చే భూమిని వదిలేసి, తన తండ్రి కూలికి ఒంగిన పొలం పక్కనే కొన్నది. ఆ గట్టు మీద గొడుగేసుకుని నిలబడడం ఆవిడకు ఇష్టం. అక్కడ ఆవిడ చేసే పని అదొక్కటే. ఇప్పుడు నిలబడడానికి మోకాళ్ళు లేవు. గట్టు పక్కన నేల కూడా పోబోతోంది.

"నేను మాట్లాడతానత్తా" అన్నాను.

"మాట్లాడు. కానీ అత్త వద్దంది అనొద్దు. నా సంగతి వాళ్ళకి తెలుసు. నీ సంగతి తెలియాలి. రేపు నేను మత్తులో పడుంటే అత్తనడిగి చెప్తానండీ అనడానికి ఉండదు. అప్పుడు నా బదులు నువ్వే అనాలి. నా పేరెత్తకుండా, కుదరదండీ అని ఒక్క మాట చెప్పిరా. పవర్ నీదే."

అది పరీక్ష అని ఆవిడ అనలేదు. పరీక్షలు పెట్టడం వృత్తిగా ఉన్నవాడికి వేరే చెప్పనవసరం లేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక బండి మీద బయల్దేరాను. దారి పొడుగునా హెల్మెట్ లోపల "కుదరదండీ" అని సాధన చేశాను. హెల్మెట్ లోపల చాలా బాగా వచ్చింది. గంభీరంగా, కొంచెం మారుమోగుతూ. కంకిపాడులో టీకి ఆగాను. "సమోసాలు వేడిగా ఉన్నయ్యి, ఇమ్మంటారా?" అని అడిగాడు కొట్టతను. నాకు ఆకలి లేదు. తిన్నాను.

వెళ్తూ చేను దగ్గర ఆగాను. మట్టి కుప్పలు గట్టు పక్కన వరసగా ఉన్నాయి. అంచుల్లో మినుము మొక్కలు తలలు మాత్రం బయటపెట్టి ఉన్నాయి. కోపం తెచ్చుకోవడానికి అంతకంటే మంచి చోటు దొరకదు. తెచ్చుకున్నాను కూడా. ఆ కోపం చెదరకుండా ఆయన ఇంటికి వెళ్ళాను.

ఆయన అరుగు మీద కుర్చీ వేయించాడు. తన కుర్చీ కంటే మంచి కుర్చీ. ఫ్యాను నా వైపు తిప్పాడు. లోపలికి కేకేసి మజ్జిగ తెప్పించాడు. చెడ్డవాడైతే నా పని తేలికయ్యేది. ఆయన చెడ్డవాడు కాదు. "ఆదివారం పూట ఇంత దూరం ఎందుకొచ్చారండీ, ఫోన్ చేస్తే నేనే వచ్చేవాణ్ణి కదా, లెక్చరర్ గారూ" అన్నాడు. నిజంగా నొచ్చుకున్నాడు.

"అదే, ఆ మట్టి గురించి..." అన్నాను.

"ఇంకా రెండు ట్రక్కులు తోలితే అయిపోయిద్దండీ. మీ వైపు గట్టు కూడా నేనే బలంగా వేయిస్తా."

ఆ మాట నాలుక మీదే ఉంది. హెల్మెట్ లేదంతే.

"నాకైతే ఏ అభ్యంతరం లేదండీ" అన్నాను. "అత్తయ్యే... పెద్దావిడ కదా. పట్టుదల మనిషి."

ఆయన మొహంలో ఏదో సర్దుకుంది. తలూపాడు. "అర్థమైంది లెండి. మీరు చదువుకున్నవాళ్ళు, సంస్కారం తెలిసినవాళ్ళు. ఆవిడది మొదట్నుంచీ అదే వరస. అందరికీ సూదులు పొడిచీ పొడిచీ మాట కూడా అట్టాగే అయిపోయింది."

అని నవ్వాడు. నేను కూడా నవ్వాను.

అప్పుడు నవ్వకుండా ఉండవచ్చు. మజ్జిగ గ్లాసు నోటి దగ్గరే ఉంది, తాగుతున్నట్టు ఉండవచ్చు. నేను గ్లాసు దించి మరీ నవ్వాను. మా తాత ఎక్కని అరుగు మీద, మంచి కుర్చీలో, ఫ్యాను గాలికి, నన్ను చదివించిన మనిషి గురించి. నా ఇంటర్ ఫీజు, డిగ్రీ ఫీజు, యూనివర్సిటీ హాస్టలు, అన్నీ ఆ సూదుల డబ్బులే.

మట్టి తీయించేస్తానని ఆయన మాటిచ్చాడు. ఇచ్చినట్టే మర్నాడు తీయించాడు కూడా. అంటే నేను వెళ్ళిన పని అయింది. తిరిగివస్తూ నాకు నేను ఇదే చెప్పుకున్నాను. పని అవడం ముఖ్యం, ఏ మాటతో అయిందన్నది వ్యాకరణం. బెజవాడ చేరేసరికి దాదాపు నమ్మాను.

"చెప్పావా?" అంది అత్త ఫోన్‌లో.

"చెప్పాను. తీయించేస్తాడు."

"నీ నోటితో?"

"నా నోటితోనే."

ఇందులో అబద్ధం ఎక్కడుందో కోర్టులో కూడా పట్టుకోలేరు. అత్త "మంచిది" అంది. ఆ గొంతులో ఉన్న సంతోషం నాకు అప్పుడు ముద్దొచ్చింది. తర్వాత తలుచుకున్నప్పుడల్లా సిగ్గేస్తోంది.

ఎందుకంటే, ఆ వెనక పొలం ఆయన మర్యాద తెలిసినవాడు. మట్టి తీయించాక అత్తకు స్వయంగా ఫోన్ చేశాడు. మీకు ఇష్టం లేదని లెక్చరర్ గారు చెప్పారండీ, తీయించేశాను, మినుముకు నష్టం ఏమైనా ఉంటే చెప్పండి అన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. "ఆయనకైతే అభ్యంతరం లేదన్నారు. మీ ఆపరేషన్ అయ్యి, పవరు ఆయన చేతికొచ్చాకే మాట్లాడుకుంటాం లెండి. మీకెందుకు శ్రమ" అన్నాడట.

ఈ సంగతి అత్త నాకు చెప్పలేదు. తర్వాతి ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు, నా భార్యకు చెప్పింది. నేను ఎదురుగానే కూర్చుని ఉన్నాను. ఇద్దరూ నా తల మీదుగా, పక్కింటివాళ్ళ గురించి మాట్లాడుకున్నట్టు మాట్లాడుకున్నారు. నేను పప్పులో నెయ్యి కలుపుకుంటున్నాను. చాలాసేపు కలిపాను.

"అమ్మాయ్, నీ ఆధార్ కార్డు జిరాక్సు ఒకటి ఇవ్వు" అంది అత్త.

"ఎందుకత్తయ్యా?"

"పవర్ నీ పేరున రాద్దామని."

నా భార్య మందుల షాపులో పనిచేస్తుంది. డాక్టరు చీటీ లేకుండా నిద్రమాత్రలు అడిగేవాళ్ళకు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇవ్వనండీ అని చెప్పడం ఆమె ఉద్యోగంలో సగం. ఇంటికి వచ్చి ఆ మాటల గురించి ఎప్పుడూ బాధపడదు.

"ఆయనుండగా నాకెందుకత్తయ్యా?" అంది మర్యాదకు.

"ఆయనుండబట్టే."

నా భార్య నా వైపు చూసింది. నేనేదైనా అంటానేమోనని ఆగిందని ఇప్పుడు అనుకుంటున్నాను. నేను కూర గిన్నె ఆమె వైపు జరిపాను. ఆమె అత్త వైపు తిరిగింది.

"సరేనత్తయ్యా. కానీ ఒకటి. ఈయన రాయించుకొచ్చిన చిత్తు చదివాను, పొలం అమ్మే హక్కు, తాకట్టు పెట్టే హక్కు అని అందులో ఉన్నయ్యి. అవి తీయించండి. అవి ఉంటే నేను సంతకం పెట్టను."

"డాక్యుమెంట్ రైటర్లు అట్టాగే రాస్తారమ్మా, అది మామూలే."

"మామూలైతే వేరేవాళ్ళకి రాసుకోమనండి."

అత్త ఆమె చెయ్యి పట్టుకుని ఒకసారి నొక్కి వదిలింది. అమ్మకం మాట ఆ చిత్తులో ఉందని నాకూ తెలుసు. నేనే కదా రాయించుకొచ్చింది. అక్కడ కూడా రైటర్ "ఉండనివ్వండి లెక్చరర్ గారూ" అన్నాడు. ఉండనిచ్చాను.

రిజిస్ట్రేషన్‌కు నన్ను కూడా రమ్మన్నారు. సాక్షిగా. ఆఫీసు మేడ మీద ఉంది. మోకాళ్ళు బాగోలేని వాళ్ళే ఎక్కువగా వచ్చే ఆఫీసులన్నీ మేడ మీదే ఎందుకుంటాయో నాకు తెలియదు. అత్త ఒక చేత్తో రెయిలింగు, ఒక చేత్తో నా భార్య భుజం పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కింది. నేను చెయ్యి అందించాను. "నువ్వు ఆ ఎక్స్‌రేల కవరు పట్టుకో చాలు" అంది. అక్కణ్ణుంచి అటే ఆసుపత్రికి వెళ్ళాలి.

లోపల అధికారి కాగితాలు చూస్తూ అత్తను మామూలు ప్రశ్నలు అడిగాడు. ఇష్టపూర్వకంగానే రాస్తున్నారా, చదివించుకున్నారా, ఎవరైనా బలవంతం చేశారా. అత్త అన్నిటికీ డ్యూటీ అప్పజెప్పే నర్సులా ముక్తసరిగా జవాబులు చెప్పింది. తర్వాత ఆయన సాక్షుల వివరాలు చదివి నా వైపు చూశాడు.

"ఈయన మీ మేనల్లుడా అమ్మా? లెక్చరరు కూడానూ. సొంత మేనల్లుణ్ణి పక్కన పెట్టుకుని కోడలికి ఇస్తున్నారేంటి?"

ప్రశ్నలో ఏ దురుద్దేశమూ లేదు. అలాంటి అనుమానాలు అడగడం ఆయన పని. కానీ గుమ్మం బయట బెంచీ మీదివాళ్ళు, గదిలో కంప్యూటర్ దగ్గర అమ్మాయి, అందరూ ఒకసారి నన్ను చూశారు.

నిజం చెప్పడానికి అత్తకు ఒక్క నిమిషం పట్టదు. సూదులు పొడిచే మాట ఆవిడది. నేను చెవులు మూసుకోలేక కళ్ళు దించుకున్నాను.

"వాడికి కాలేజీలో ఊపిరి సలపదండి" అంది అత్త. "పరీక్షలు, పేపర్లు దిద్దడాలు. ఈ పిల్లకైతే కాస్త తీరిక."

నా భార్యకు తీరిక అన్న మాట వినే తీరిక కూడా లేదు. పొద్దున్నే నాలుగిళ్ళకు సరిపడా పని చేసి షాపు తెరిచే వేళకు పరిగెత్తే మనిషి. "అవునండీ" అంది తడబడకుండా.

నిద్రమాత్రలు అడిగినవాడికి ఒక్క అబద్ధం కూడా చెప్పని మనిషి, జీవితంలో ఎవరి మొహం చూసీ మాట మార్చని మనిషి, ఇద్దరూ నా కోసం ఒక ప్రభుత్వాధికారి ముందు నిలబడి అబద్ధం ఆడారు. ఆ అరుగు మీద నేను అత్త పేరు అడ్డం పెట్టుకుని మంచివాణ్ణయ్యాను. ఇక్కడ వాళ్ళు నాకు అడ్డం నిలబడి నన్ను మంచివాణ్ణి చేస్తున్నారు.

"అంత బిజీనా మాస్టారూ?" అన్నాడు అధికారి సరదాగా.

చెప్పడానికి ఏమీ అడ్డు లేదు. లేదండీ, నాకు కాదనడం రాదు, అందుకే ఇవ్వలేదు అంటే ఆయన నవ్వి ముద్ర వేసేవాడు. అత్త నా వైపు తిరిగి చూసింది. పొద్దున్నుంచీ అదే మొదటిసారి. నేను నోరు తెరిచాను.

"అవునండీ" అన్నాను. "పరీక్షల సీజను కదా."

అత్త ఇంకా చూస్తూనే ఉంది. కోపం లేదు. సూది చూడగానే చెయ్యి వెనక్కి లాక్కునే రోగుల్ని ఆవిడ ముప్ఫయ్యేళ్ళు అలాగే చూసి ఉంటుంది. అధికారి సాక్షి గడి మీద వేలు పెట్టి చూపించాడు. నేను ఎక్స్‌రేల కవరు చంకలో పెట్టుకుని సంతకం చేశాను.